నాంచారయ్య కూతల తరుగుదల

మా కాలేజీ కబడ్డీ కప్పులు కెమిస్ట్రీ ల్యాబు స్టోరు గదిలో యాసిడ్ సీసాల వెనక ఎందుకున్నాయని అడిగేవాళ్ళు ఈ మధ్య మరీ ఎక్కువయ్యారు. బజారులో వంకాయలు ఏరుకోనివ్వరు, బస్సులో కునుకు తీయనివ్వరు. "ఏమండీ కోదండపాణిగారూ, మీరే దాయించారట కదా!" అంటారు. దాయించలేదు మహాప్రభో, సంరక్షించాం. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళతో పేచీ ఎందుకని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఒక్కసారే చెబుతాను. మళ్ళీ అడిగితే మాత్రం మర్యాద దక్కదు.

నేను కంకిపర్రు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కామర్సు చెబుతాను. కామర్సులో మళ్ళీ తరుగుదల పాఠమంటే నాకు ప్రాణం. కొత్త యంత్రం కొన్నాం. వాడుతున్నకొద్దీ దాని విలువ కొంచెం కొంచెం తరుగుతూ వచ్చి ఒకనాటికి పుస్తకాల్లో సున్నా అవుతుంది. ఎంత న్యాయంగా ఉందో చూడండి! మనుషుల మాటెలా ఉన్నా యంత్రాల దగ్గర ఇంత నిజాయితీ ఉంది. కబడ్డీ గురించి మాత్రం నాకు తెలిసింది ఒక్కటే. నేను పాఠం మంచి పట్టులో ఉండగా మైదానంలోంచి గోల వినపడుతుంది.

ఆ గోలకు కారకుడు కొక్కిలిగడ్డ నాంచారయ్య. మా బీకాం ఆఖరి ఏడాది కుర్రాడు, సముద్రపొడ్డు పల్లెవాడు. వాడు కూతకు వెళ్ళాడంటే చాలు, మిగతా క్లాసులన్నీ కిటికీల్లోకి వచ్చేసేవి. "కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటాడా, ఆ ఊపిరి ఎక్కడ దాచుకునేవాడో ఏమో, అవతలివాళ్ళందరి మధ్యా తీరిగ్గా తిరిగి, ఇద్దర్నో ముగ్గుర్నో ముట్టుకుని, మీద పడినవాణ్ణి కూడా ఈడ్చుకుంటూ గీత దగ్గరికి వచ్చేవాడు. అప్పటికి కూడా కూత ఆగేది కాదు. ఇది నేను చూసి చెబుతున్నది కాదు, నా క్లాసు ఖాళీ అయ్యాక కిటికీల దగ్గర విన్నది.

ఇంత ఊపిరి ఉన్నవాడికి సముద్రం మాత్రం పడదు. వాళ్ళ నాన్న లంకయ్య పుట్టి బుద్ధెరిగి పడవ మీదే బతికిన మనిషి. కొడుకేమో పడవెక్కితే ఒడ్డు కనపడుతుండగానే వాంతులు మొదలెడతాడు. చేపలకు మేత వేయడానికి వచ్చాడురా వీడు అని తోటి జాలర్లు నవ్వేవారట. అందుకని లంకయ్య ఒక మాట చెప్పేశాడు. డిగ్రీ అయ్యేలోపు ఆటలో ఏదైనా దారి దొరికిందా, సరే. దొరకలేదా, కక్కుకుంటూ అయినా సరే వల లాగాల్సిందే.

సరిగ్గా ఆ ఏడాదే కోస్తా కెరటాలు జట్టువాళ్ళు మా జిల్లా కాలేజీల్లోంచి ఒక కుర్రాణ్ణి తీసుకుంటామన్నారు. టీవీలో జనం ఎగబడి చూసే కబడ్డీ పోటీలు ఆడే జట్టు అది. ఇంకేముంది, నాంచారయ్య ఒడ్డున పడ్డట్టే అనుకుంది ఊరు ఊరంతా. వ్యాయామ అధ్యాపకుడు మస్తాన్ వలి అయితే వాడి కోసం కొత్త బూట్లు కూడా చూసిపెట్టాడు.

జట్టు తరఫున ప్రతిభా మదింపు విభాగం అధికారి వచ్చారు. ఉప్పలూరి నిశాంత్ అని పేరు. ఇస్త్రీ నలగని మనిషి. మస్తాన్ వలి ఆయన కారు తలుపు తానే తీసి, "రండి సార్, కుర్రోళ్ళు బరిలోనే ఉన్నారు. మా నాంచారు కూత చూస్తే మీరు కుర్చీలో కూర్చోలేరు" అన్నాడు.

"క్షమించాలి. మేము ఆట చూడం" అన్నారు నిశాంత్.

"చూడరా? మరెందుకొచ్చినట్టు సార్?"

"మదింపు చేయడానికి. ఆట చూస్తే మదింపు కలుషితమవుతుంది. వాడు బాగా ఆడుతున్నాడే అన్న దురభిప్రాయం మనసులో నాటుకుపోతుంది. మా విభాగం నిష్పాక్షికతకు అది గొడ్డలిపెట్టు."

అని కుర్చీని మైదానానికి వీపు పెట్టి వేయించుకుని కూర్చున్నారు. నాంచారయ్యను పిలిపించి మోకాళ్ళు నొక్కారు, మడమలు తిప్పారు, ఛాతీ మీద వేలితో కొట్టి చెవి పెట్టి విన్నారు, సంతలో ఎద్దును చూసినట్టు పళ్ళు కూడా చూశారు. ఆ తర్వాత, "ఇప్పటివరకు ఎన్ని కూతలు వినియోగించారు?" అని అడిగారు.

మస్తాన్ వలి ఛాతీ విరుచుకున్నాడు. "లెక్కేముంది సార్! ఇంటర్‌లో చేరిన కాణ్ణుంచీ ఈడిదే కూత. పొద్దునా ఈడే, సాయంత్రం ఈడే. ఎండాకాలం సెలవుల్లో కూడా ఆగలా!"

నిశాంత్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత దుబారా! చూడండి మాస్టారూ, ప్రతి దేహంలోనూ కొన్ని కూతలే నిక్షిప్తమై ఉంటాయి. మాకు కావలసింది ఆ నిల్వ. మీరు ఇక్కడ గల్లీ పోటీల్లో కూయించి కూయించి ఈ కుర్రాణ్ణి తోడేశారు. వాడిన ప్రతి కూతా వాడి విలువలోంచి పోయిన కూతే."

ఆయనకు టీ ఇప్పించడానికి ప్రిన్సిపాల్ నన్ను పంపారు కనక నేను అక్కడే ఉన్నాను. ఆ మాట వినగానే నా ఒళ్ళు ఝల్లుమంది. "అయ్యా, అది తరుగుదల కదండీ!" అన్నాను. ఆయన లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకుని, "ఈ కళాశాలలో ఒక్కరైనా విద్యావంతులు ఉన్నారు" అన్నారు. ఇరవై ఏళ్ళ నా ఉద్యోగంలో ఎవరైనా నన్ను అంత మాట అన్నారా? టీ చల్లారిపోయిందని కూడా చూసుకోలేదు మేమిద్దరం.

వెళ్తూ వెళ్తూ ఆయన అభయమిచ్చారు. జిల్లా కాలేజీల ఫైనలు రోజున మళ్ళీ వస్తారట. అందాకా నాంచారయ్య కూత పెట్టకుండా ఉంటే వాడి పేరు పరిశీలనలో ఉంటుందట. ఒక్క కూత పెట్టినా పేరు కొట్టేస్తారట.

మర్నాడే ప్రిన్సిపాల్ డాక్టర్ వల్లూరి ప్రసూనాంబగారు సమావేశం వేశారు. ఆవిడ ఏ మాటకైనా ముందు కారణాలు చెప్పి గాని కదలరు. "కళాశాల ప్రతిష్ఠ దృష్ట్యా, విద్యార్థి భవిష్యత్తు దృష్ట్యా, త్వరలో గ్రేడు ఇవ్వడానికి వచ్చే బృందం పర్యటన దృష్ట్యా, క్రీడాసంపద సంరక్షణ ఉపసంఘాన్ని ఏర్పాటు చేయడమైనది. అనుభవం దృష్ట్యా కోదండపాణిగారు కన్వీనరుగా వ్యవహరిస్తారు" అన్నారు.

"మేడమ్, ఆటల సంఘానికి కామర్సు సారేంటండీ?" అన్నాడు మస్తాన్ వలి.

"ఆటతో పరిచయం లేకపోవడం దృష్ట్యా" అన్నారు ఆవిడ.

నేను ఏ పనైనా ఒప్పుకున్నానంటే నిద్రపోను. మొదటి తీర్మానంతోనే నాంచారయ్యకు మైదానం నిషేధించాం. రెండో తీర్మానం మెట్ల గురించి. మెట్లెక్కితే మోకాళ్ళు అరుగుతాయి కదా, అందుకని బీకాం క్లాసును మేడ మీద నుంచి కిందికి దింపి, కిందనున్న జువాలజీ వాళ్ళను వాళ్ళ కప్పలతో సహా పైకి పంపించాం. గేటు నుంచి క్లాసు దాకా నడక మాత్రం నడక కాదా? జాతీయ సేవా పథకం విద్యార్థులు ప్రిన్సిపాల్‌గారి పాత కుర్చీకి వెదురు బొంగులు కట్టి వాణ్ణి మోసుకొచ్చే ఏర్పాటు చేశాను. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనడంలో ఊపిరి పోతుంది కనక చెయ్యెత్తమన్నాం. భుజం సంగతి ఎవరో గుర్తుచేశారు. దాంతో వాడు ఎక్కడున్నా హాజరైనట్టే భావించాలని తీర్మానించాం. ఆ వారంలో మా కాలేజీలో కబడ్డీ నేర్చుకుంటామని దరఖాస్తు పెట్టిన కుర్రాళ్ళకు అంతు లేదు.

ఇంకో చిక్కు వచ్చింది. మైదానంలో ఎవరైనా "కబడ్డీ" అంటే చాలు, కుర్చీలో ఉన్న నాంచారయ్య పెదవులు వాటంతటవే కదిలేవి. చూస్తుండగా వాడి నిల్వ ఆవిరైపోతుంటే కన్వీనరుగా నేను ఎలా ఊరుకుంటాను? జట్టంతా నోరు మూసుకుని సాధన చేయాలని ఉత్తర్వు ఇప్పించాను. కూతకెళ్ళినవాడు చేతులు ఊపుకుంటూ వెళ్ళేవాడు. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకడు అలా చేతులు ఊపుకుంటూ గీత దాటి, గేటు దాటి, టీ కొట్టు దాకా వెళ్ళిపోయాడు.

ఒకరోజు నాంచారయ్య నా దగ్గరికి వచ్చాడు. మోసుకొచ్చిన వాళ్ళను బయట ఆపి, గొంతు తగ్గించి, "సార్, ఒక్క కూత. శానా చిన్నది. ఎవురికీ తెలవకుండా ఎనకమాల గోడ కాడ పెట్టుకుంటాను" అన్నాడు.

"తప్పు నాన్నా. నీ బాగు కోసమే కదా ఇదంతా."

"నేను బాగానే ఉన్నాగా సార్. కూర్చోబెట్టినాకే కాళ్ళు లాగతన్నయ్యి."

"అవి లాగడం కాదురా, విలువ పెరుగుతోంది."

"పెరిగితే పెరిగింది గానీ, గుండెల్లో ఏదో గడ్డకట్టినట్టుంటంది సార్. రేత్రి నిద్రలో కూత పెట్టానంట. మా నాన్న లేపి, పడవలో ఉన్నాననుకుని ఏడుత్తన్నావా అనడిగాడు."

నిద్రలో పోయిన కూతలు ఎన్నో ఏమో! రాత్రిపూట పక్కన పడుకుని వాడి నోరు కనిపెట్టి ఉండమని లంకయ్యకు కబురు పెట్టాను. ఆయన తిరిగి పంపిన కబురు ఇక్కడ రాయదగింది కాదు.

నాంచారయ్య లేకుండానే మా జట్టు ఎలాగో తంటాలు పడి ఫైనలు దాకా వచ్చింది. ఆ వారమే నిశాంత్‌గారు ఫోను చేశారు. "భవిష్యత్ అరుగుదలను మీరు అరికట్టిన తీరు ప్రశంసనీయం. కానీ గత అరుగుదల మాటేమిటి? ఈ కుర్రాడు ఆడాడనడానికి మీ కళాశాలలో ఆధారాలున్నట్టు మా దృష్టికి వచ్చింది."

ఆధారాలు లేకేం! ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువా నిండా కప్పులే. గడిచిన ఏళ్ళ లెక్కల్లో తప్పులుంటే వెనక్కి వెళ్ళి సవరించుకోవడం మా శాస్త్రంలో మామూలే. అదే పని చేశాను. కప్పులన్నీ గోనెసంచుల్లో వేయించి కెమిస్ట్రీ స్టోరుకు తరలించాను. మస్తాన్ వలి ఒక కప్పును వదల్లేదు, చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"సార్, దీనికోసం మా కుర్రోడు చెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు సార్."

"అందుకేనయ్యా ముందు దాన్ని దాచాల్సింది. విరిగిన చెయ్యి కంటే పెద్ద ఆధారం ఏముంటుంది?"

"మీరు చదువుకున్నోళ్ళు సార్. మీతో మాట్టాడి గెలవలేం" అని కప్పు నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. మనిషి కళ్ళు తుడుచుకున్నట్టే ఉంది. నేను పట్టించుకోలేదు, నాకు ఇంకా గోడ మీద ఫోటో పని ఉంది. నాంచారయ్య నలుగురి మీదుగా గాల్లో ఎగిరి గీత అందుకుంటున్న ఫోటో అది, కాలేజీకి వచ్చినవాళ్ళందరూ ఆగి చూసేవారు. తీసేస్తే గోడ మీద మరక పడుతుందని ప్రసూనాంబగారు ఒప్పుకోలేదు. ఫోటో ఉంచి కింద రాత మార్పించాం. "కళాశాల వార్షికోత్సవం: జానపద నృత్యం." సదరు విద్యార్థి కబడ్డీ ఆడినట్టు మా దృష్టికి రాలేదని ప్రిన్సిపాల్‌గారు ధ్రువపత్రం కూడా ఇచ్చారు.

ఇక ఫైనలు రోజు. మా మైదానంలోనే, నేలపర్రు కాలేజీతో. ఏటా ఫైనల్లో తగిలేది వాళ్ళే. ఊరంతా వచ్చింది. లంకయ్య వల భుజాన వేసుకుని పడవ నుంచి నేరుగా వచ్చి, చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డాడు. నాంచారయ్య పేరు పన్నెండుమంది జాబితాలో ఉంది. మనిషి మాత్రం గొడుగు నీడన, వాలుకుర్చీలో, మోకాళ్ళ మీద శాలువాతో ఉన్నాడు. పక్కనే నేను. చుట్టూ ఉపసంఘం.

వాడి పక్కన జట్టు బూట్లు, తాళాలు, నీళ్ళ సీసాలు కాపలా కాస్తూ శొంఠి సుబ్బకృష్ణ కూర్చున్నాడు. పన్నెండో పేరు దొరక్క మస్తాన్ వలి బతిమాలి చేర్చుకున్న కుర్రాడు వాడు. ఒడిలో బ్యాంకు పరీక్ష పుస్తకం. నిశాంత్‌గారు మైదానానికి వీపు పెట్టుకునే నడిచి వచ్చి, ఉన్నట్టుండి వాడి ముందు ఆగిపోయారు. వంగి మోకాళ్ళు పట్టుకుని చూశారు.

"గీత లేదు, గాటు లేదు! వీరెవరు?"

"నేను అదనపు ఆటగాణ్ణండీ" అన్నాడు సుబ్బకృష్ణ బెదిరిపోతూ. "నాకు ఆట రాదండీ."

"రాకపోవడమే మీ మూలధనం. ఇంతవరకు ఈ మోకాళ్ళు ఎక్కడైనా ఆన్చారా?"

"గుళ్ళో ఆన్చానండీ."

"తరచుగానా?" అన్నారు నిశాంత్ కంగారుగా.

"పరీక్షలప్పుడేనండీ."

ఆయన తెరిపిన పడ్డారు. నన్ను పక్కకు పిలిచి, "కన్వీనరుగారూ, నేను దాపరికం లేకుండా చెబుతున్నాను. ఇతను షోరూములోంచి అప్పుడే దింపిన సరుకు. మీ నాంచారయ్య వాడిన సరుకే, కానీ మీ విశ్రాంతి చికిత్స వల్ల కొంత కోలుకున్నాడు. ఉన్నది ఒక్క స్థానం. ఈ మ్యాచ్ ముగిసేదాకా అతను కుర్చీలోంచి లేవకపోతే అతనికే మొగ్గు చూపుతాను. మీ సేవల పట్ల గౌరవం అది" అన్నారు. నేను వచ్చి నాంచారయ్య చెవిలో వేశాను. వాడు తల ఊపాడు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

ఆట మొదలైంది. మనవాళ్ళు నోరు మూసుకుని సాధన చేసిన బాపతు కదా, కూతకెళ్ళి మధ్యలో మర్చిపోయి చేతులు ఊపేవాళ్ళు. రిఫరీ ఈల వేసి బయటికి పంపేవాడు. నలుగురికి మడమలు బెణికాయి. మనిషి చాలక సుబ్బకృష్ణను దింపక తప్పింది కాదు. వాడు పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్ళి ఒక మూల బిగుసుకుపోయి నిలబడ్డాడు. నేలపర్రు వాళ్ళు వాణ్ణి ఎవరో గీతలు చూసే అధికారి అనుకుని పక్కనుంచి తప్పుకుని పోయేవాళ్ళు, ఒకడైతే "తప్పుకోండి సార్" అన్నాడు కూడా. ఆ విధంగా మనవాళ్ళు ఒక్కొక్కరే బయటికి పోగా పోగా, ఆఖరికి బరిలో సుబ్బకృష్ణ ఒక్కడే మిగిలాడు. నిశాంత్‌గారు ఆట చూడరు కనక నన్ను చూడమని చెప్పించుకుంటున్నారు. "ఇంతసేపు బరిలో ఉండి ఒక్కరు కూడా తాకలేదా? అద్భుతమైన పరిరక్షణ!" అన్నారు.

కానీ బరిలో మిగిలినవాడు కూతకు వెళ్ళక తప్పదు. సుబ్బకృష్ణ గీత దగ్గరికి వచ్చి అవతలి ఏడుగుర్నీ చూశాడు. జేబులో పుస్తకాన్ని గట్టిగా అదుముకున్నాడు. తల తిప్పి, జనాన్ని కాదు, మస్తాన్ వలిని కాదు, నాంచారయ్యను చూశాడు. "నాంచారూ, చంపేత్తార్రా నన్ను!" అన్నాడు. ఏడుపు గొంతు.

జనం గొల్లున నవ్వారు. నిశాంత్‌గారు లేచి, వెనక్కి తిరక్కుండానే, "తాకకండి! ఆయన మీద గీత పడకూడదు!" అని అరిచారు.

మస్తాన్ వలి విరామం అడిగాడు. వచ్చి కుర్చీ ముందు నిలబడ్డాడు. నాంచారయ్య నా వైపు తిరిగాడు.

"సార్, లేత్తే పేరు కొట్టేత్తారా?"

"కొట్టేస్తారురా. నా మాట విను. ఇంకాసేపు ఓర్చుకుంటే నీ బతుకు బాగుపడుతుంది. లేచావా, రేపటి నుంచి పడవే."

వాడు సుబ్బకృష్ణ వంక చూశాడు. మూలనున్న వాళ్ళ నాన్న వంక చూశాడు. శాలువా తీసి మడతపెట్టి నా ఒళ్ళో పెట్టాడు.

"పడవెక్కి కక్కుకుంటే కక్కుకుంటాను సార్. ఆడు అట్టా చూత్తంటే కూర్చోటం మాత్రం నావల్ల కాదు."

సుబ్బకృష్ణ బయటికి వచ్చాడు, నాంచారయ్య లోపలికి వెళ్ళాడు. నేను మొదటిసారి వాడి ఆట చూశాను. ఏం చెప్పను! ఇన్నాళ్ళు గుండెల్లో గడ్డకట్టిందన్నాడే, అదంతా ఒక్కసారి కరిగి నోట్లోంచి వచ్చింది. ఏడుగురి మధ్య తిరుగుతున్నాడు, ముట్టుకుంటున్నాడు, ముగ్గురు మీద పడితే ముగ్గుర్నీ ఈడ్చుకొస్తున్నాడు, కూత మాత్రం ఆగడం లేదు. నా పక్కనున్న ఉపసంఘం సభ్యులు గొడుగు వదిలేసి గెంతుతున్నారు. నేను తరిగిపోతున్న విలువను తలుచుకుని గుడ్ల నీరు కుక్కుకున్నాను. అందరూ అది సంతోషం అనుకున్నారు.

గెలిచాం. నిశాంత్‌గారు జేబులోంచి కలం తీసి నాంచారయ్య పేరు కొట్టేశారు. "పూర్తి తరుగుదల. విలువ సున్నా" అన్నారు. సుబ్బకృష్ణ మెడలో దండ వేశారు. జనం నాంచారయ్యను భుజాల మీద ఎత్తుకుని తీసుకొస్తుంటే లంకయ్య ఎదురొచ్చాడు. కొడుకు ఒళ్ళంతా అంటిన మట్టి అరచేత్తో దులిపాడు. "తెల్లారగట్ట పడవ" అన్నాడు.

ఆ తర్వాత నెలల పాటు నాంచారయ్య సముద్రం మీదే ఉన్నాడు. ఎప్పుడైనా చేపల బజారులో కనపడితే పీక్కుపోయి ఉండేవాడు. "తగ్గిందా నాన్నా?" అంటే, "వాంతులు తగ్గలా సార్, నాకే అలవాటయింది" అనేవాడు. సుబ్బకృష్ణ మాత్రం వారం వారం ఫోను చేసేవాడు. "ఏసీ గది ఇచ్చారండీ. మంచం దిగనివ్వరు. చదువుకోడానికి చాలా ప్రశాంతంగా ఉందండీ."

పోటీలు మొదలయ్యే ముందు నిశాంత్‌గారి నుంచి ఫోను వచ్చింది. గొంతులో మునుపటి ఇస్త్రీ లేదు.

"కోదండపాణిగారూ, చిన్న సాంకేతిక సమస్య. దేశమంతా గాలించి గీత పడని ఆటగాళ్ళను సేకరించాం. మా ఆస్తి విలువ మిగతా జట్లన్నిటికంటే ఎక్కువ. కానీ పోటీలో ఎవరో ఏడుగురు బరిలో దిగాలట. నిబంధన ఉందట. మావాళ్ళను దింపితే అరిగిపోతారు కదా!"

"అరిగిపోతారండీ మరి" అన్నాను.

"తరుగుదల మీకు కొట్టిన పిండి. మీరే దారి చెప్పాలి."

ఇందులో చెప్పడానికేముంది? మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. పుస్తకాల్లో సున్నా అయినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. ఎన్నో మిల్లుల్లో విలువ లేని యంత్రాలే పొద్దస్తమానం తిరుగుతుంటాయి, కొత్తవి గుడ్డ కప్పుకుని ఉంటాయి. ఇంకా తరగడానికి ఏమీ మిగల్లేదు కనక వాటిని ఎంత వాడినా నష్టం రాదు. అదే చెప్పాను. "అయితే ఆ సున్నా కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడు?" అన్నారు.

ఆ విధంగా నాంచారయ్య, వాడిలాంటి సున్నాలు మరో ఆరుగురితో కలిసి, కోస్తా కెరటాల్లో చేరాడు. ఆటగాడిగా కాదు లెండి. ఆటగాళ్ళు ఆస్తులు. వీణ్ణి నొప్పుల మందు, కట్టు గుడ్డలతో పాటు వినియోగ సామగ్రి కింద రాసుకున్నారు.

మొదటి మ్యాచ్ రోజున ప్రసూనాంబగారు కాలేజీ సభాభవనంలో పెద్ద టీవీ పెట్టించారు. పూర్వ విద్యార్థి సుబ్బకృష్ణ ఘనత దృష్ట్యా. ఊరంతా వచ్చి కూర్చుంది. ముందు టీవీలో సుబ్బకృష్ణనే చూపించారు. మెత్తటి కుర్చీలో, మోకాళ్ళ మీద శాలువాతో, చొక్కా వీపున బంగారు అక్షరాల పేరుతో. ఒడిలో పుస్తకం. చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత కూతకు ఒక మనిషి లేచాడు. చొక్కా వీపున పేరు లేదు, అంకె లేదు, ఖాళీ. పేరు కుట్టించేది ఆస్తులకే కదా. వ్యాఖ్యాత కాగితాలు అటూ ఇటూ తిప్పి, "కోస్తా కెరటాల తరఫున కూతకు వెళ్తున్నది... వెళ్తున్నది ఒక ఆటగాడు" అన్నాడు.

ఆ నడక ఎవరిదో మాకు తెలియదా? వెనక వరసలో లంకయ్య లేచాడు. సముద్రం మీద ఈ పడవ నుంచి ఆ పడవకు కేకేసే గొంతు ఆయనది.

"నాంచారయ్య!" అన్నాడు.

వాడు గీత దాటాడు. మస్తాన్ వలి లేచి, "నాంచారయ్య, నాంచారయ్య" అని అందుకున్నాడు. ఒక్కొక్క వరసే లేచింది. ఊపిరి తిప్పుకోకుండా, అచ్చం కూత పెట్టినట్టు, నాంచారయ్య నాంచారయ్య నాంచారయ్య నాంచారయ్య. సభాభవనం అద్దాలు అదురుతున్నాయి. టీవీలో వాడు నలుగురి మధ్య ఉన్నాడు. వాడి కూత ఆగేదాకా మాదీ ఆగకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ప్రసూనాంబగారు కూడా ఏ దృష్ట్యా అనకుండానే అరుస్తున్నారు. వాడు ముగ్గుర్ని ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యి వేసేసరికి నేను బెంచీ ఎక్కి ఉన్నాను. ఎప్పుడెక్కానో తెలియదు. గొంతు పోయింది, కళ్ళు కనపడటం లేదు, ఎవరో కిందికి దింపి మంచినీళ్ళు తాగించారు.

నేను క్రీడాసంపద సంరక్షణ ఉపసంఘం కన్వీనరును. దాన్ని రద్దు చేస్తూ ఇంతవరకు ఉత్తర్వు రాలేదు. ఆ సాయంత్రం ఒక్క పేరు కోసం నా ఒంట్లోంచి ఎంత ఊపిరి తరిగిపోయిందో, నేను ఇప్పటికీ లెక్క కట్టలేదు.